లెవుకా పడవ పందేల రోజులు

మొన్న ఆదివారం మా మనవరాలు సువా నుంచి వస్తూ ఒక రంగుల కాగితం తెచ్చింది. లెవుకా పట్నం చూడ్డానికి రమ్మని ప్రయాణికులను పిలిచే కాగితం అది. ఒకప్పటి ఫిజీ రాజధాని, సముద్రం ఒడ్డున చెక్క వసారాల కొట్లు, కొండ మీదికి రాతిమెట్లు, ఏ నెలలో వస్తే ఏ వేడుక దొరుకుతుందో అన్నీ బొమ్మలతో వేశారు. ఇంగ్లీషు నాకు రాదు కనుక పిల్లే హిందీలో చెప్పుకుపోయింది. కొత్త సంవత్సరం పడవ పందేల బొమ్మ దగ్గర ఆగి, "ఆజీ, నువ్వెప్పుడన్నా చూశావా?" అంది. "చూడ్డమేమిటే, ఆ ఒడ్డు మీదే పెరిగాను కొన్నేళ్లు" అన్నాను. అది నవ్వేసింది. దాని దృష్టిలో నేను లంబాసా చెరుకుతోటల్లోనే మొలిచి, అక్కడే ముదిరినదాన్ని. దాని తప్పేమీ లేదు. మా ఇంట్లో ఎవరూ లెవుకా మాట ఎత్తేవారు కారు. ఎత్తితే మా అమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది.

మా అమ్మా అయ్యా విశాఖ జిల్లా నుంచి గిర్మిట్ మీద, అంటే అయిదేళ్లు కూలి చేస్తామని వేలిముద్ర వేసి, ఓడెక్కి వచ్చినవాళ్లు. ఫిజీలో రాకిరాకి దగ్గర పెనాంగ్ మిల్లు చెరుకుతోటలో పనికి వేశారు. నేను అక్కడి కూలి లైన్లలోనే, అంటే కూలీల వరస గదుల్లోనే, పుట్టాను. నాకు నడక వచ్చిన కొన్నాళ్లకు తోటలోకి కొత్త కూలీలు దిగారు. వాళ్లలో మా అమ్మ పుట్టింటి పక్క ఊరివాడు ఒకతను ఉన్నాడు. కుశల ప్రశ్నలు అయ్యాక అతను చల్లగా, "నీ చెల్లి మా ఓడలోనే వచ్చింది గదమ్మా, ఇంకా కలవనేదా?" అన్నాడట. అమ్మకు చేతిలో గిన్నె జారిపోయింది. జరిగింది ఏమిటంటే, మా పిన్ని, పెళ్లి కూడా కాని పిల్ల, అక్క లేని ఊళ్లో ఉండలేక, కూలీలను పోగుచేసే డిపో మనిషి ఫిజీ అనగానే ఓడ ఎక్కేసింది. ఫిజీ అంటే పక్క పేట లాంటిదనీ, దిగి నాలుగు గుమ్మాలు అడిగితే అక్క ఇల్లు చూపిస్తారనీ అనుకుంది పాపం. నుకులావ్ దీవిలో అందరినీ దింపి, తోటల వారీగా పంచి, ఆమెను వేరే పడవ ఎక్కించారు. ఆ పడవ ఎటు పోయిందో అతనికి తెలియదు. అడిగినా చెప్పే నాథుడు లేడు. తోట దాటాలంటే చీటీ కావాలి, చీటీ అడిగితే తిట్లు. ఆనాటి నుంచి మా అమ్మ కాలు ఒకచోట నిలిచింది లేదు. అన్నం తింటూ తింటూ లేచి గుమ్మంలోకి వెళ్లి చూసి వచ్చేది.

గిర్మిట్ తీరాక అయ్యకు రాకిరాకిలోనే భూమి కౌలుకు తీసుకుని చెరుకు వేద్దామని ఉండేది. అమ్మ ఒప్పుకోలేదు. చుట్టుపక్కల దీవులన్నిటి నుంచీ తోటల దొరలు కొత్త సంవత్సరానికి లెవుకా వస్తారనీ, నౌకర్లను కూడా తెచ్చుకుంటారనీ ఎవరో చెప్పగా విన్నది. "నువ్వు చెరుకేసుకో. నేను పిల్లనెత్తుకొని ఎల్తాను" అంది. అయ్య మెత్తటి మనిషి. కదిలితే ఒళ్లు నొప్పి అనుకునే రకం. అయినా మూట కట్టుకున్నాడు.

లెవుకా అంటే ఒక్క వీధి. ఇటు సముద్రం, అటు ఒళ్లో పడతానన్నంత దగ్గరగా కొండ. మామూలు రోజుల్లో ఎండుకొబ్బరి వాసనా, వాన చప్పుడూ తప్ప ఏమీ ఉండేది కాదు. రాజధాని సువాకు తరలిపోయాక ఆ ఊరు పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా ఉండేదని పెద్దవాళ్లు అనేవారు. కానీ పందేల రోజులు వస్తే ఎక్కడెక్కడి తెరచాపలో రేవు నిండా. హోటలు వసారాలో దొరలు, గొడుగుల కింద దొరసానులు, గవ్వలూ చాపలూ తెచ్చి అమ్మే కాయిబీతీలు (ఫిజీవాళ్లను మేమలా పిలిచేవాళ్లం), యంగోనా అనే వేరు దంచిన పానీయం గిన్నెల చుట్టూ చప్పట్లు, పడవలు వదిలినప్పుడు పేలే తుపాకీ. మామిడిపళ్ల కాలం కనుక ఈగలు కూడా పండగ చేసుకునేవి. అయ్య ఒక వసారా చివర పొయ్యి పెట్టి సెనగపప్పు వడలు వేసేవాడు. దొరలకు అవి కొత్త, తిని నాలుక కాల్చుకుని నవ్వేవారు.

అమ్మ ఒక్క వడ వేసి ఎరగదు. తెల్లారితే రేవులో ఉండేది. దిగిన ప్రతి మన ఆడమనిషి ముఖంలోకీ వంగి చూసేది. వెనక నుంచి పోలిక కనిపిస్తే భుజం పట్టి తిప్పేసేది. ఒకసారి ఓ ముసలామె, తన ముంత లాక్కోవడానికి వచ్చిందనుకుని, అమ్మ చెయ్యి కొరికేసింది. ఊళ్లో మనవాళ్లు అమ్మకు 'ఖోజ్నేవాలీ' అని పేరు పెట్టారు, వెతుక్కునే మనిషి అని. పందేలు ముగిసి తెరచాపలు వెళ్లిపోయాక కొన్నాళ్లు ఇంట్లో పొయ్యి సరిగా వెలిగేది కాదు. ఆ ఇంట్లో పెరిగినందుకేనేమో, ఈనాటికీ నేను కుర్చీ అంచు మీదే కూర్చుంటానని మా కోడలు అంటుంది.

అలా రెండు పందేలు గడిచాయి. మూడోసారి గాలి అసలే లేదు. ఉక్క. సముద్రం నూనె పోసినట్టు ఉంది. అమ్మ మామూలుగానే రేవుకు పోయింది. నేను అయ్య దగ్గర ఆకులు తుడుస్తున్నాను. తెల్ల గౌనులో ఉన్న దొరల పిల్లవాణ్ని చంకనేసుకుని ఒకామె వచ్చి, "గరమ్ వాలా దేవ్, భాయ్" అంది, వేడివి ఇమ్మని. అయ్య వేడివే ఇచ్చాడు. ఆమె ఒకటి విరిచి నోట్లో వేసుకుని ముఖం చిట్లించి, ఉప్పు తక్కువని హిందీలోనే విసుక్కుంది. అయ్య గరిటె ఆగిపోయింది. ఆ చిట్లింపు అచ్చం మా అమ్మమ్మ పైడమ్మదట. అత్తగారి చేత తిట్లు తిన్న అల్లుడు ఆ ముఖం మరచిపోతాడా. "ఒలమ్మా, నువ్వు పైడమ్మ కూతురివి కాదూ?" అన్నాడు. ఆమె చంకలో పిల్లవాడితో సహా అలాగే వసారా మెట్టు మీద కూలబడింది. కదిలితే ఒళ్లు నొప్పి అనుకునే మా అయ్య, కాగే నూనెను పొయ్యి మీదే వదిలేసి, గరిటె చేత్తోనే పట్టుకుని, దొరల గొడుగుల మధ్య నుంచి రేవు వైపు పరిగెత్తాడు. ఆ ఒక్కసారే ఆయన పరిగెత్తగా చూశాను.

అమ్మ వచ్చింది. వచ్చి, అంతమందిని భుజాలు పట్టి తిప్పిన మనిషి, ఈమెను ముట్టుకోకుండా ఎదురుగా నిలబడిపోయింది. పిన్నే మొదట మాట్లాడింది. "దీదీ, హమ్ సబ్ జగా ఖోజా" అంది. అన్నిచోట్లా వెతికాను అని. అమ్మ ముఖం మాడిపోయింది. "తెలుగులో అనవే" అంది. పిన్నిని వేసిన తోటలో, సముద్రం అవతలి లంబాసాలో, తెలుగు మనిషి ఒక్కరూ లేరట. వెళ్లిన మొదట్లో చెట్లతో మాట్లాడేదట, తర్వాత అదీ మానేసిందట. మెల్లగా, తడుముకుంటూ, "అప్పా" అంది. మా ఊరివైపు అక్కను అలాగే అంటారు. అప్పుడు పట్టుకుంది అమ్మ.

దొరసాని మూడు రోజులు ఉంటుందని పిన్ని చెప్పింది. ఆ దొరల పిల్లవాణ్ని ఆడించే పని నా మీద పడింది. వాడు నా జుట్టు లాగి, చెవి కొరికి, నా పరికిణీ తడిపాడు. నాకు కడుపు మండిపోతున్నా ఊరుకున్నాను, ఎందుకంటే అమ్మ కూర్చుని ఉంది. మొదటిసారి, గంటల తరబడి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పిన్నికి మాట ఒక్కొక్కటే తిరిగి వచ్చింది. ఏదన్నా మాట దొరకనప్పుడు పిన్ని అమ్మ మోకాలు తట్టేది, అమ్మ అందించేది. ఊళ్లో ఎవరు పోయారో, ఎవరికి పిల్లలో అన్నీ అయ్యాయి. ఒక్క విషయం మాత్రం పిన్ని దాచింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆకాశం పచ్చగా తిరిగింది. తుపాను వస్తుందని రేవులో జెండా ఎత్తారు. పందేలు ఆపేశారు. దూరం పోవలసిన పడవలన్నీ ముందే బయలుదేరుతున్నాయని కబురు వచ్చింది. వీధంతా పెట్టెలూ, కేకలూ. అమ్మ, పిన్ని చెయ్యి పట్టుకుని రేవు దాకా వచ్చి అక్కడ వదల్లేదు.

"ఉండిపో. ఈ గుంపులో నిన్నెవుడు చూస్తాడు? కొండెక్కిపోదుము."

"పట్టుకుంటారప్పా. నా గిర్మిట్ తీరనేదు. జేలు."

"జేలుకు నేనెల్తాను నీ బదులు."

పిన్ని తల దించుకుంది. "నా పిల్లుంది, అప్పా. లైన్లో ఉంది. ఆళ్ల నాయన దగ్గర."

గంగ ఒడ్డు నుంచి వచ్చిన ఒక కూలీతో కలిసి ఉంటోందనీ, ఏడాది నిండిన ఆడపిల్ల ఉందనీ అప్పుడు చెప్పింది. కులం కాని, భాష కాని మనిషి కనుక అక్క ఏమంటుందోనని అంతవరకు దాచిందట. అమ్మ అటు సముద్రాన్ని చూసింది, ఇటు నన్ను చూసింది. తర్వాత చెయ్యి వదిలేసింది. "మనిషి మంచోడేనా?" అని ఒక్కటే అడిగింది. "కొట్టడు" అంది పిన్ని. దొరసాని కేకేసింది. పిన్ని పిల్లవాణ్ని నా చేతుల్లో నుంచి అందుకుని పడవ ఎక్కింది.

ఆ రాత్రి తుపాను మాకు పక్కగా పోయింది. పడవ క్షేమంగా చేరిందని తెలియడానికి మాత్రం చాలా వారాలు పట్టింది. ఆ వారాల్లో అమ్మ రేవుకు పోలేదు. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. కబురు తెలిసిన రోజు అయ్య పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆయనకు ఆ వీధి అలవాటైంది. కాయిబీతీ నేస్తాలతో సాయంత్రాలు యంగోనా తాగుతూ హాయిగా ఉండేవాడు. లేచి, "మూట కట్టు. లంబాసా ఎల్దుము. నీ కాలు ఇక్కడ నిలవదు, నా కన్ను మూతపడదు" అన్నాడు. అమ్మ అడగలేదు, ఆయనే అన్నాడు. మరుసటి పందేలకు మేం లెవుకాలో లేము.

పిన్ని గిర్మిట్ తీరాక రెండు కుటుంబాలూ పక్కపక్కన భూమి కౌలుకు తీసుకున్నాయి. ఆ గంగ ఒడ్డు బాబాయి మా అయ్యకు ప్రాణస్నేహితుడయ్యాడు. ఒకరి భాష ఒకరికి సగమే తెలియడం వల్లే స్నేహం నిలిచిందని అయ్య అనేవాడు. అక్కచెల్లెళ్లు మాత్రం నెల తిరగకముందే కోడి విషయమై తగవు పెట్టుకున్నారు. తర్వాత కాలవ నీళ్లు, తర్వాత ఎవరి పులుసులో చింతపండు ఎక్కువ అని. పొద్దున తగవు, సాయంత్రం ఒకే మెట్టు మీద కూర్చుని తల దువ్వుకోవడం. పిన్ని తిట్లన్నీ తెలుగులోనే. తిట్టడానికి మాట దొరక్కపోతే, అమ్మే అందించేది.

పిన్ని ముందు పోయింది. కర్మకాండ అయ్యాక అమ్మ వసారాలో కూర్చుని నాతో అంది, "లెవుకాలో ఎదురుచూసిన ఆ రెండేళ్లూ ఎంత పొడుగో గదే. ఇక్కడ దెబ్బలాడుకున్న ఏళ్లన్నీ ఒక్క పూటలో అయిపోనాయి." అమ్మ వయసు దాటేశాను ఇప్పుడు. ఎదురుచూసే మనిషి దగ్గర కాలం బరువుగా కూర్చుంటుందనీ, మనిషి దొరికిన ఇంట్లో చెప్పకుండానే లేచి వెళ్లిపోతుందనీ నాకూ తెలిసివచ్చింది.