మూడుసార్లు కడిగిన డ్రమ్ము

మా చిన్నప్పుడు... కొత్తూరు ఫ్యాక్టరీల ఖాళీ ఇనుప డ్రమ్ము లేని ఇల్లు మా తొండుపల్లిలో లేదు. పైభాగం కోయించి నీళ్లు పట్టుకునేవాళ్లం. నీళ్లు రెండు రోజులకోసారి వచ్చే కాలం మరి!

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బాపు కూడా ఒకటి తెచ్చాడు. రంగుల్లో కలిపే థిన్నర్ డ్రమ్మట. మూడుసార్లు నీళ్లతో కడిగి, మూత బిగించి ఎండలో పెట్టాడు. ముట్టుకోవద్దన్నాడు. బాపు అటు పోగానే మూత విప్పి ముక్కు పెట్టాను... అబ్బ, తియ్యటి వాసన! తల తిరుగుతున్నా మళ్లీ మళ్లీ పీల్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు పొద్దున బాపు డ్రమ్మును సైకిల్‌కు కట్టుకుని, పైభాగం కోయించడానికి శంషాబాద్‌లో వెల్డింగ్ చేసే యాదన్న దగ్గరికి బయలుదేరాడు. వాసన పోయిందా అని అమ్మ అడిగింది.

"ఖాళీ డ్రమ్ముల ఏముంటదే? మూడుసార్లు కడిగిన" అన్నాడు.

నేను అక్కడే జడ వేయించుకుంటున్నాను. తిడతాడని నోరు విప్పలేదు.

ఆ రోజే బడిలో సైన్సు చెప్పే మా గుంటూరు సారు అణువుల పాఠం మొదలుపెట్టారు. ఒక్కో అణువు లోపల బంధం గట్టిదేనట... కానీ అణువుకూ అణువుకూ మధ్య పట్టు చాలా తక్కువట. అందుకే కొన్ని ద్రవాలు మామూలు ఎండకే ఆవిరైపోతాయట. థిన్నర్ లాంటివి నీళ్లలో కలవనే కలవవట.

"వాసన వస్తోందంటే ఆ పదార్థం ఇంకా అక్కడే ఉన్నట్టు. కంటికి కనపడదు. నిప్పు తగిలితే మాత్రం ఊరుకోదు" అన్నారు.

యాదన్న డ్రమ్ము కోసేది నిప్పుతోనే! సారు దగ్గరికి పోయి, ఏడుస్తూ మెల్లగా అంతా చెప్పాను. ఆయన సుద్దముక్క పారేసి, నన్ను స్కూటరెక్కించుకున్నారు.

మేము శంషాబాద్ బస్టాండు దాటకముందే ఏదో పేలిన చప్పుడు వినిపించింది.

బాపు యాదన్న షాపుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది. "మన డ్రమ్మే బిడ్డా" అన్నాడు, అంతే. యాదన్నను దవాఖానకు తీసుకుపోయారు... ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు మా ఊళ్లో అన్నీ నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులే. విమానం కిందుగా పోయి కిటికీలు అదిరితే చాలు, బాపు మంచం మీద లేచి కూర్చుంటాడు. "మూడుసార్లు కడిగిన గదా బిడ్డా" అంటాడు. అవును బాపు అంటాను.

చిన్నప్పుడు ఇంట్లో చెప్పకుండా దాచుకున్న మాట మీకూ ఏదైనా ఉందా? ఉంటే ఎలా చెప్పారో రాయండి... ఆ వాసన సంగతి బాపుకు చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు.