రెండు చుక్కల రీడింగ్

షాలేం రాజు ఇంట్లో బీరు కాచుకుంటాడని అమెరికాలోని ప్లెయిన్స్‌బరో తెలుగు క్రైస్తవ సంఘంలో అందరికీ తెలుసు. తెలియనట్టే ఉంటారు. గరాజ్‌లో పాత దుప్పటి చుట్టిన ప్లాస్టిక్ పీపా, దాని పక్కన ఒక ఫ్రిజ్. పీపాలో తేలుతున్న చిన్న గొట్టం ఎప్పటికప్పుడు ఫోన్‌కి గ్రావిటీ, అంటే రసం సాంద్రత, పంపుతుంది. మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే మనిషి కనుక అంకె కనబడితే ఆయనకు ప్రాణం నిమ్మళిస్తుంది.

అడిగితే ఓపిగ్గా చెబుతాడు. "నీళ్ళ బరువు ఒకటి అనుకోండి. చక్కెర ఉన్న రసం అంతకంటే కాస్త బరువు. ఈస్ట్ ఆ చక్కెర తిని ఆల్కహాల్ చేస్తుంది, రసం తేలికవుతుంది. మొదట ఎంత, ఇప్పుడెంత. ఆ తేడా చాలు, మూత కూడా తియ్యక్కర్లేదు."

ఆ ఇంట్లోనే ఆయన అక్క జ్ఞానమ్మ ఉంటుంది. ఐసెలిన్‌లో ఒక హోటల్ వంటింట్లో చపాతీలు ఒత్తుతుంది. అక్కడ ఆమె పేరు ఎవరికీ పట్టదు, అందరికీ ఆంటీయే. సంఘంలో మాత్రం ఆమె లేకపోతే ప్రభువు బల్ల లేదు. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ సంస్కారానికి రసం కాచేది ఆమే. నల్లద్రాక్ష గింజలు తీసి, మరిగించి, తెల్లటి గుడ్డలో వడకట్టి, సీసాల్లో పోసి గరాజ్ ఫ్రిజ్‌లో పెడుతుంది. కాచేటప్పుడు చెంచా నాలుకకి తగలనివ్వదు. ఎవరైనా రుచి చూడబోతే ఊరుకోదు.

"బల్ల మీదికి పొయ్యేదాన్ని ముందే ఎంగిలి చేస్తార్రా? మీ అమ్మ నేర్పిన బుద్ధేనా ఇది?"

"మా అమ్మా మీ అమ్మా ఒకటేగా అక్కా," అనేవాడు షాలేం రాజు.

"అందుకే సిగ్గేస్తంది."

వేసవిలో ఆయన కొత్త మీటరు కొన్నాడు. అరచేతిలో ఇమిడిపోతుంది. దాని గాజుకన్ను మీద రెండు చుక్కలు వేసి బటన్ నొక్కితే గ్రావిటీ చూపిస్తుంది. పార్సిల్ వచ్చిన సాయంత్రం వంటింట్లో కనబడ్డ ప్రతిదాన్నీ కొలిచాడు. కొబ్బరినీళ్ళు, తేనె కలిపిన నీళ్ళు, అక్క అప్పుడే వడకట్టిన ద్రాక్షరసం. రసానికి 1.070 చూపించింది. మీటరే ఆ అంకెను ఫోన్‌లో దాచుకుంది.

ఆ వారమే పాస్టర్ అబ్రహాం గారు ఫోన్ చేశారు. సంఘంలో కోటయ్య గారని ఒకాయన ఉన్నారు. తాగుడు మానడానికి ఆయన పడ్డ పాట్లు అందరూ ఎరుగుదురు. పోయిన నెల బల్ల దగ్గర రసం నాలుక మీద చురుక్కుమందనీ, ఇంటికెళ్ళాక మనసు మనసులో లేదనీ చెప్పుకున్నారట.

"నీ ఫ్రిజ్‌లోనేగా పెడతారు బ్రదర్, ఆ పీపా పక్కన. నీ దగ్గర మిషన్ ఉందంటున్నారు. ఈసారి ఒకసారి చెక్ చేసి చెప్పు."

షాలేం రాజుకు భయం పట్టుకుంది. తన ఈస్ట్ గాలికి ఎగిరి సంస్కారపు సీసాల్లో పడిందేమోనని. అదే జరిగితే పోయేది తన సరదా ఒక్కటే కాదు, అక్క చేతిలో పని కూడా.

ఆదివారం బయలుదేరే ముందు సీసా మూత తీసి రెండు చుక్కలు గాజు మీద వేశాడు. 1.048. తుడిచి, మళ్ళీ వేశాడు. అదే. ఫోన్‌లో మొదటి అంకె పక్కన ఈ అంకె చేరగానే యాప్ తనంతట తానే లెక్కకట్టింది: ఆల్కహాల్, మూడు శాతానికి కొంచెం తక్కువ. నోట్లో ఒక్క చుక్క వేసుకుంటే సరిపోయేది. ఎంగిలి చెయ్యకూడదన్న అక్క మాట వింటూ పెరిగినవాడు, ఆ ఆలోచనే రాలేదు.

అద్దెకు తీసుకున్న చర్చి హాలు వెనక వంటగదిలో అబ్రహాం గారికి ఫోన్ చూపించాడు. ఆయన వెంటనే సీసాలు సింకులో వంపేశారు. ఎవరో కారేసుకుని స్టోర్‌కి వెళ్ళి జ్యూస్ తెచ్చారు. రసం పులిసిందని మాత్రమే మైకులో చెప్పారు, పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు. తలలన్నీ జ్ఞానమ్మ కూర్చున్న వరసకే తిరిగాయి. కోటయ్య గారు లేచి బయటికి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.

వారం గడిచాక, జ్ఞానమ్మ చాయ్ మరిగిస్తుంటే షాలేం రాజు అడిగాడు.

"సీసాలు సరిగ్గానే కడిగావా అక్కా? ఈస్ట్ ఎట్లా పడిందో నాకు అంతుబట్టడం లేదు."

"కడిగాన్రా. వేణ్ణీళ్ళతో కడిగా. కడగ్గా మిగిలిన ఆ మరిగించిన నీళ్ళే కదా చల్లార్చి అందులో కూడా కలిపింది."

"ఎందులో?"

"రసంలో. శనివారం కుర్రాళ్ళు ఫోన్ చేశారు గదా, కొత్తగా ఎమ్మెస్‌కొచ్చినవాళ్ళు, రెండు కార్ల నిండా వస్తామని. చాలదని కలిపా. ఎప్పుడూ చేసేదే."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. నీళ్ళు కలిపినా గ్రావిటీ తగ్గుతుంది. మీటరుకు నీళ్ళేవో, ఆల్కహాలేదో తెలియదు. పీపాలో నీళ్ళు పోసేవాడెవడూ ఉండడు కనుక, ఆ ప్రశ్న ఇన్నేళ్ళలో ఆయనకు రాలేదు.

"అది పులవలేదక్కా. నీళ్ళే. ఆ రోజే చెప్పుంటే..."

"నన్నెవరడిగారు? నీ మిషన్ చెప్పిందన్నారు. మిషన్ అబద్ధం చెప్పదని నువ్వే గదరా అనేది." స్టవ్ ఆపేసింది. "ఒక మనిషిని నా చేత్తో మళ్ళీ తాగుడులోకి తోశాననుకున్నా. వారం నించీ నోటికి ముద్ద పోలేదు."

"పోయిన నెలది మాత్రం నాకు తెలియదక్కా. అది ఎవరూ కొలవలేదు."

"అదీ నా మీదే ఉంటది లే."

ఆయన ఆ సాయంత్రమే అబ్రహాం గారింటికి డ్రైవ్ చేసుకుని వెళ్ళాడు. మొత్తం చెప్పాడు. తప్పు తనదేనన్నాడు, వచ్చే ఆదివారం అందరి ముందూ చెప్పనివ్వమన్నాడు. అబ్రహాం గారు సోఫాలో సర్దుకున్నారు.

"అర్థమైంది బ్రదర్. సిస్టర్ గారి మీద మాకేం లేదు. కానీ సీల్డ్ కప్పులు ఆర్డర్ చేసేశాం. పైన రొట్టె, కింద జ్యూస్. శుభ్రం, ఎవరికీ అనుమానం ఉండదు. ఇప్పుడు నువ్వు లేచి పులవలేదు, నీళ్ళు కలిపారు అంటే, అదో డిస్కషన్. సంస్కారంలో నీళ్ళేమిటంటారు. ఆవిడకి ఇంకా ఇబ్బంది."

"కోటయ్య గారికైనా..."

"ఆయన ఫోన్ ఎత్తడం లేదు."

తిరిగొచ్చి అక్కకు ఉన్నదున్నట్టే చెప్పాడు. ఆమె విని, "పోనీలే, ద్రాక్ష గింజలు తీసీ తీసీ వేళ్ళు నొప్పులు," అంది. తెల్లగుడ్డ మడిచి పాత బట్టల సంచిలో వేసింది.

తరువాతి నెల కప్పుల ట్రే వరసలు దాటుకుంటూ వచ్చింది. ప్రతివాళ్ళూ రేకు చింపుకునే చప్పుడు హాలంతా వినిపిస్తోంది. షాలేం రాజు పక్కన కూర్చున్న జ్ఞానమ్మ ట్రేను రెండు చేతులా అందుకుంది. కాసేపు కప్పుల వంక చూసింది. ఏదీ తీసుకోకుండా తమ్ముడి చేతికిచ్చి, కొంగు తల మీదికి లాక్కుంది.