ఒకే మంచం, ఒకే తట్టు

డెబ్బయ్యో దశకం మొదట్లో మంథని దగ్గర మా ఊళ్లో పిల్లలకు తట్టు పోసింది. మా ఇంట్లో తమ్ముడికీ, బాపు వాళ్ల అన్న పెద్దబాపు కొడుక్కీ ఒకేసారి ఒళ్లంతా ఎర్రగా లేచింది. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకే మంచంలో పడుకునేవారు, ఒకే గిన్నెలో జావ తాగేవారు. తమ్ముడు త్వరగానే లేచి కోడిపిల్లల వెంట పరుగెత్తాడు. పెద్దబాపు కొడుక్కి మాత్రం ఊపిరి అందలేదు. పెద్దపల్లి బస్సు కోసం ఎదురుచూస్తుండగానే పెద్దమ్మ ఒళ్లో పోయాడు.

దినాల నాడు పెద్దమ్మ అందరి ముందు మా అవ్వ, అంటే మా అమ్మ వైపు వేలు చూపింది.

"గదే మంచం, గదే తట్టు. దాని కొడుకెట్ల లేసిండు, నా కొడుకెట్ల పోయిండు? ఇది బాణామతి చేసింది."

చేతబడి చేసేవాళ్ల నోట మంత్రం పలకకుండా ముందు పళ్లు పీకాలన్నారు ఊరి పెద్దమనుషులు. పెద్దబాపు అవ్వ రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. బాపు వాకిట్లో తల దించుకుని నిలబడ్డాడు. పటుకారు తెచ్చినవాడు రోజూ మా ఇంటి ముందు నుంచి పోయేవాడే. నేను కళ్లు మూసుకోలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో అంతా చూసి పెట్టుకున్నాను.

ఆ తర్వాత మేము ఆదిలాబాద్ వెళ్లిపోయాం. బాపు పత్తి మిల్లులో పనికి కుదిరాడు. నేను పట్టుబట్టి డాక్టరు చదివాను. ఎందుకని అడిగినవాళ్లకు ఏవేవో చెప్పేదాన్ని. నిజానికి పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి నాకు.

అది పిల్లల వైద్యంలో పై చదువు చదివేటప్పుడు దొరికింది. వైరస్ సోకిన కణాలు దాని ముక్కలను రక్షణ కణాలకు పట్టి చూపిస్తాయి. చూపించే తీరును నిర్ణయించే జన్యువులు మనిషికీ మనిషికీ వేరు. కొందరిలో ఆ ముక్క గట్టిగా దొరుకుతుంది, కొందరిలో జారిపోతుంది. తిండి, వయసు, టీకా కూడా లెక్కలోకి వస్తాయి గానీ, ఒకే వైరస్ ఒకరిని దద్దుర్లతో వదిలేసి ఇంకొకరి ప్రాణం తీయడానికి ఆ తేడా కూడా ఒక కారణం. ఆ జన్యువులు సగం తల్లి ఇస్తుంది, సగం తండ్రి ఇస్తాడు. ఆ వాక్యం చదివాక పుస్తకం మూసి చాలాసేపు నవ్వుకున్నాను.

తొంభైలలో నేను కరీంనగర్‌లో పనిచేస్తున్నప్పుడు పెద్దబాపు, పెద్దమ్మ తమ కూతురి కొడుకును ఎత్తుకొచ్చారు. మళ్లీ తట్టే. టీకా వేయించలేదు. పిల్లవాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నన్ను గుర్తుపట్టి పెద్దబాపు గడప దగ్గరే ఆగిపోయాడు.

"బిడ్డా, మా మీది కోపం పిల్లగాని మీద తీయకు" అన్నది పెద్దమ్మ.

"తియ్య. లోపలికి తీస్కరాండ్రి."

పిల్లవాడు కోలుకున్నాడు. ఇంటికి పంపే రోజు ఇద్దరినీ నా ముందు కూర్చోబెట్టాను.

"పెద్దమ్మా, ఒక్క మంచంల పండుకున్నోళ్లల్ల ఒకడెట్ల బతికిండని అడిగినవ్, యాదున్నదా? జవాబు దొరికింది. రోగాన్ని ఆపే బలం ఒక్కొక్కరి రక్తంల ఒక్కో తీరుగుంటది. నీ కొడుక్కు గది సగం నువ్విచ్చినవ్, సగం పెద్దబాపు ఇచ్చిండు."

"అంటే మేమే సంపుకున్నమా?" అన్నాడు పెద్దబాపు.

డాక్టరుగా ఏం చెప్పాలో నాకు తెలుసు. అది ఎవరూ ఎంచుకుని ఇచ్చేది కాదు, ఎవరి తప్పూ కాదు. పైగా ఆనాడు పోయిన పిల్లవాడి రక్తాన్ని ఎవరూ పరీక్షించలేదు. వాడి ప్రాణం తీసింది జన్యువులో, రాని బస్సో ఎవరూ చెప్పలేరు. అవేవీ అనలేదు.

"మా అవ్వయితే సంపలే" అన్నాను.

పెద్దమ్మ కుర్చీలోంచి నేల మీదికి జారి కూర్చుంది. నేను లేపలేదు. పెద్దబాపు బయటికి వినపడేలా ఏడ్చాడు.

ఇంటికి వెళ్లి, నా దగ్గరే ఉంటున్న అవ్వకు చెప్పాను.

"మీ పెద్దబాపు ఏడ్సిండా?"

"ఏడ్సిండు."

"సప్పుడచ్చిందా?"

"వచ్చింది."

"మల్ల చెప్పు, మొదట్నుంచి."

మళ్లీ చెప్పాను. ఆ ఎండాకాలం పెద్దమ్మ ఒకసారి మా ఇంటిదాకా వచ్చి గేటు పట్టుకుని నిలబడింది. అవ్వ కిటికీలోంచి చూసింది. తలుపు తీయలేదు. నేనూ తీయమనలేదు.