ఒకటిన్నరను రెండు చేయకూడదు

షామ్‌బర్గ్‌లో మా కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయి సాయంత్రాలు కెమిస్ట్రీ చెప్పించుకోవడానికి మా ఇంటికి వచ్చేది. పదో తరగతి. పెళ్లికి ముందు నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఆ పాఠాలే చెప్పేదాన్ని. ఈ దేశంలో నాకున్న డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. అందుకే ఆ పిల్ల వస్తే నాకూ ప్రాణం లేచివచ్చేది.

ఆ వారం మూలకాల బరువులను బట్టి ఫార్ములా కట్టే లెక్కలు. 5.6 గ్రాముల ఇనుము 2.4 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసింది. ఇనుము బరువును యాభై ఆరుతో, ఆక్సిజన్ బరువును పదహారుతో భాగించి, రెండింటి నిష్పత్తి చూడాలి. అమ్మాయి ఫోన్‌లో కాల్క్యులేటర్ నొక్కి ఒకటికి ఒకటిన్నర అని తేల్చింది. ఆ ఒకటిన్నరను రెండు అని రాసేసింది.

"హాఫ్ ఆటమ్ ఉండదు కదా ఆంటీ. సో, రౌండ్ చేశా."

"ఉండదు, నిజమే. అలాగని లేని ఆక్సిజన్ నువ్వు తెచ్చి కలపకూడదు. రెండింటినీ రెట్టింపు చెయ్యి."

రెండు ఇనుము, మూడు ఆక్సిజన్. సరిగ్గా రాసింది. రోజూ అయితే వెంటనే తర్వాతి లెక్క అందుకునేది. ఆ రోజు పెన్సిల్ పక్కన పెట్టేసింది.

"ఆంటీ, ఇండియాలో కూడా ఇదే కెమిస్ట్రీ ఉంటదా?"

"ఇదే. ఎందుకమ్మా?"

"డాడీ జాబ్ పోయింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇంకోటి రాకపోతే మేం వెళ్లిపోవాలి." పుస్తకం మూసేసి, "నాకు తెలుగు రీడ్ చేయడం కూడా రాదు ఆంటీ" అని ఏడ్చేసింది.

పిలవడానికి వచ్చిన వాళ్లమ్మ కూతురి మొహం చూడగానే గ్రహించింది. "చెప్పేసిందా అక్కా? ఇంట్లో మేమిద్దరం నోరు తెరిస్తే గొడవే. అది వినకూడదనే రోజూ మీ దగ్గరికి పంపిస్తున్నా" అంది. మా ఆయన వీసా కూడా అలా ఉద్యోగంతో ముడిపడిందే. ఆ రోజు నుంచి ఆయన ఇంటికి వచ్చేదాకా నా మనసు మనసులో ఉండేది కాదు.

మర్నాడు అమ్మాయి చేతిలోంచి కాల్క్యులేటర్ తీసేసుకున్నాను. ఇండియా పరీక్షల్లో ఒప్పుకోరని చెప్పాను.

"సీరియస్లీ?"

చేత్తో భాగహారం చేయడం ఎప్పుడో నేర్చుకుని మరిచిపోయింది. దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకసారి కాగితం చింపేసింది. "నేనేం చేశానని ఆంటీ నాకిదంతా?" అంది. లోపలికి వెళ్లి ఉప్మా చేసి తెచ్చాను. తింటూ మళ్లీ మొదలుపెట్టింది. కొన్నాళ్లకు నాకంటే వేగంగా చేసేది.

వాళ్ల నాన్నకు ఇంకో ఉద్యోగం రాలేదు. స్కూలుకు వేసవి సెలవులిచ్చాక వాళ్లు హైదరాబాద్ వెళ్లిపోయారు. అమ్మాయిని అక్కడ ఇంటర్‌లో చేర్చారు.

ఒక ఆదివారం వీడియో కాల్ చేసింది. జుట్టుకు నూనె రాసి గట్టిగా జడ వేసుకుని ఉంది.

"లెక్కలన్నీ వస్తున్నాయి ఆంటీ. కానీ ఎందుకలా అని అడిగితే క్లాసంతా నవ్వుతారు. నా తెలుగుకి నవ్వుతున్నారో, క్వశ్చన్‌కి నవ్వుతున్నారో తెలీదు."

"నవ్వనీ. అడగడం మాత్రం మానకు."

"మానేశా ఆంటీ" అంది, చాలా మామూలుగా.