ఓడిపోయే అల్లుడు

రాయ్‌పూర్ మోవా పేటలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. పక్కింటి పెద్దాయన తుమ్మితే మా వంటింట్లో గరిటెలు రాలేవి. విజయనగరం వైపు మనిషి, రైల్వే గార్డుగా రిటైరయ్యారు. షుగరు ముదిరి కాలి బొటనవేలికి పుండు పడింది. రోజూ ఇన్సులిన్ పడకపోతే వేలు తీసెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు. జెండా ఊపి ఎక్స్‌ప్రెస్ బళ్ళనే నిలబెట్టిన మనిషి, సూది చూస్తే మాత్రం మంచం కిందికి దూరేవారు.

మా ఆవిడ నర్సు. పొరుగువారిని ప్రేమించమని చర్చిలో చెబితే మేమంతా తలలూపి, ఇంటికొచ్చి బిర్యానీ తింటాం. ఆవిడ మాత్రం రోజూ డ్యూటీకి పోయేముందు సిరంజితో పక్కింటికి వెళ్ళేది.

"బాబాయ్ గారూ, చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"అయితే చీమచేతే కుట్టించుకుంటాను. చల్, అది తీసుకుపో!"

చివరికి ఆయనకు క్యారమ్స్ పిచ్చని కనిపెట్టి, ఒక ఆట అయ్యాక ఒక సూది అని ఒప్పించి, నన్ను వెంటబెట్టుకుపోయింది. ఆవిడ ఆయనకు కూతురి వరస కాబట్టి నేను అడక్కుండానే అల్లుణ్ణయిపోయాను. ఇక్కడో మనవి: నా స్ట్రైకర్ దెబ్బకు రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ దాకా బోర్డులు వణికేవి. తొలిరోజు చెయ్యి ఊరుకోక రెడ్ కాయిన్‌తో సహా అన్నీ గుంటల్లోకి తోలేశాను. ఆయన మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించేసుకున్నారు.

"ఓడిన రోజున సూది కూడానేటి? ఒక్కరోజులో రెండు దెబ్బలు తిన్ను. బస్!"

మా ఆవిడ చూసిన చూపుకు గోడ పెచ్చులూడాయి.

"రేపట్నుంచి మీరు ఓడిపోతున్నారు," అంది ఇంటికొచ్చాక.

"ఉన్న రెండు చొక్కాల్లో ఒకటి ఇమ్మను, ఇస్తాను. రెడ్ కాయిన్ ఇమ్మని పాస్టరుగారు ఎప్పుడైనా చెప్పారా?"

"ఆ చొక్కా మీ పొట్టకు పట్టదు కాబట్టి ఇస్తారు. ఇష్టమైంది ఇవ్వండి, చూద్దాం."

ఇచ్చాను. గుంట అంచున కూర్చుని కన్నుగీటే కాయిన్‌ను వదిలెయ్యాలంటే హిమాలయాల్లో మునులకు కూడా తపస్సు చాలదు. ఎండాకాలమంతా వదిలాను. ఆయన గెలిచేవారు, మీసం తిప్పేవారు, చెయ్యి చాపేవారు. మా ఆవిడ పొడిచేది.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఆయనే మా గుమ్మంలోకి నడిచొచ్చారు, నెత్తిన క్యారమ్ బోర్డుతో. పుండు మానింది. కాలివేళ్ళు పదీ పదిలం.

"ఏటల్లుడూ, కావాలని ఓడిపోతన్నావని నాకు తెల్దనుకున్నావేటి? ఈయేళ అసలాట ఆడు."

నా విద్యంతా చూపించాను. ఇల్లదిరింది. చిత్తుగా ఓడిపోయాను.

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ సిరంజి తెచ్చింది. ఆయన ఒక చెయ్యి ఆవిడకిచ్చి, రెండో చేత్తో స్ట్రైకర్‌ను నావైపు తోశారు.

"మొహం మాడ్చుకోకు బాబూ. ఇంకో ఆట ఏద్దాం. ఈసారి నేను ఓడిపోతాన్లే."

రెండో ఆట నేనే గెలిచాను. ఆ సంగతి శంకర్ నగర్ దాకా వెళ్ళి చెప్పొచ్చాను.