కొబ్బరినూనె రాసుకున్న ఉల్క

ఆ రోజుల్లో ఒంటరితనం అనే మాట నా నోట ఎప్పుడూ రాలేదు; "ఆకలి లేదు" అని మాత్రం తరచూ అనేవాణ్ణి. డెబ్బైల చివర్లో భూగర్భశాస్త్రం చదివి, ఎర్రరాయి నేలలు పరిశీలించే ఉద్యోగంలో ఏలూరు నుంచి వచ్చి జహీరాబాద్‌లో పడ్డాను. సాయంత్రమైతే బొంబాయి రోడ్డు పక్కన నిలబడి లారీలను చూడటమే నా కాలక్షేపం. (అవి కూడా నాకోసం ఆగేవి కావు.) అలాంటి నాకు కోహీర్ దగ్గర అల్లం చేలో పడిన ఉల్క ఒకటి చేతికొచ్చింది. బొగ్గులా నల్లగా, గుల్లగా, విరిగిన చోట ఆవగింజలంత గుండ్రటి పలుకులతో ఉంది. ఎన్నడూ కరగని ఆదిమ ఉల్కకు అదే గుర్తు. గ్రహాలు పుట్టకముందు నాటి సరుకు! హైదరాబాద్ ప్రయోగశాల దాన్ని ఆ జాతిలో చేరిస్తే నన్నూ అక్కడికే రప్పిస్తానని మా పెద్దసారు మాటిచ్చారు. నేను అప్పుడే పెట్టె సర్దేసుకున్నాను.

నేను అద్దెకున్న ఇంటి అవ్వ ఆ రాయిని చూసి, "గిది ఎవలింటిది బిడ్డా?" అంది.

"గ్రహం కాలేకపోయిన చిన్న గోళానిది అవ్వా. అది ఎప్పుడో పగిలిపోయింది. ఎలాంటి గోళమో కనుక్కోవాలి."

"అయ్యో, ఇల్లు లేని పోరడన్నట్టు. నీ లెక్కనే."

మర్నాడు మొగుడంపల్లి వెళ్లి వచ్చేసరికి రాయి కిటికీలో నిగనిగలాడుతోంది. "ఏం చేశావవ్వా!"

"ఏం జేసిన? మసి పట్టి ఉన్నదని కుంకుడుకాయతోని కడిగి, జర కొబ్బరినూనె రాసిన. నీ తల గూడ గట్లనే ఎండిపోయింది. ఇటు రా, కూసో."

కోప్పడదామనుకున్నాను. ఆమె వేళ్లు తలలో పడగానే కళ్లనీళ్లు తిరిగాయి, కూర్చుండిపోయాను. ఆఖరికి రాయిని చొక్కా అంచుతో తుడిచి పంపాను. జవాబొచ్చింది: "ఆదిమ ఉల్కే కావచ్చు. కానీ నూనె లోపలిదాకా ఇంకింది, వర్గీకరణ సాధ్యం కాదు. అంతరిక్షంలో కొబ్బరిచెట్లు ఉన్నట్టు మాకు తెలియదు." ఆ ఊళ్లోనే ఇంకో మూడేళ్లు ఉన్నాను.

తర్వాత ఎలాగో ఆ ప్రయోగశాలకే చేరాను. అక్కడ ఉల్కలు అద్దాల పెట్టెల్లో ఉంటాయి. "చేత్తో ముట్టుకోకండి" అని కొత్తవాళ్లకు చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. నన్నూ ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆదివారాలు నా తలకు నేనే నూనె రాసుకుంటాను (రాయడానికి అక్కడ మిగిలిందేమీ లేకపోయినా). ఆ రాయి ఏ గోళానిదో నేటికీ తేలలేదు. నువ్వు ఎవరింటివాడివని నన్నెవరైనా అడిగితే మాత్రం, జహీరాబాద్ అవ్వ ఇల్లే చెబుతాను.