విసరాల్సిన ముద్ద

సుతారి బాలన్న వంటవాడయ్యాడంటే జగిత్యాల వైపు అతని ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. వాళ్ల తప్పేమీ లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ చాయ్ కూడా కాచిన పాపాన పోలేదు మహానుభావుడు. సౌదీలోని హుఫూఫ్‌లో సుతారి పని మీద గోడలకు ప్లాస్టరింగ్ చేస్తున్న రోజుల్లో క్యాంపు వంటమనిషి చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే, ఆకలికి తాళలేక గరిటె పట్టాడు. పట్టిన గరిటెను తోటివాళ్లు మళ్లీ దింపనివ్వలేదు.

ఆ కంపెనీ మూతపడే దశకొచ్చాక, జెద్దాలో సముద్రపుటొడ్డునున్న ఒక జపాన్ రెస్టారెంట్లో ట్రయల్ మీద చేరాడు. అక్కడ వంట లోపల కాదు, అతిథుల ముందే జరుగుతుంది. మన దోసె పెనాన్ని మంచమంత చేసి దాని చుట్టూ కుర్చీలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది కౌంటరు. పేరుకు జపాన్ వంటే గానీ, మాంసం మీద ఖర్జూరపు పాకం, అన్నంలో అరబ్బు మసాలా. ఏళ్ల తరబడి తాపీ తిప్పిన చేతికి ఆ రేకు గరిటెలు లొంగడం ఎంతసేపు? ఉల్లిపాయ చక్రాలను గోపురంలా పేర్చి మంట లేపడం కూడా చప్పున పట్టుబడింది.

ఒక్కటే పట్టుబడలేదు. చివర్లో వేయించిన అన్నాన్ని చిన్న ముద్ద చేసి, గరిటెతో ఎగరేసి అతిథి నోట్లో పడేలా విసరాలి. అక్కడ అదో వేడుక. క్యారెట్ ముక్కలైతే బాలన్న గురి తప్పకుండా విసిరేవాడు. అన్నం దగ్గరికొచ్చేసరికి చెయ్యి మొరాయించేది. మెతుకు తొక్కితే వీపు విమానం మోత మోగించిన తల్లి పెంపకం మరి!

"బాలన్నా, ఇయ్యాల కౌంటర్ మీద నెగ్గితేనే సేఠ్ నీ కఫాలా తన పేరుకు మార్చుకొని ఈడ ఉండనిస్తడు. లేకుంటే ఎగ్జిట్ కొట్టి ఇంటికి తోలుడే. జర విసురు భాయ్, నీకు దండం పెడ్త," అన్నాడు మేనేజర్ జునైద్. అతనిది హైదరాబాద్, మంచివాడే, కానీ పైన సేఠ్ ఉన్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒక సౌదీ కుటుంబం వచ్చి కూర్చుంది. భర్త, భార్య, అతని ముసలి తల్లి. ముసలావిడ మొదట్నుంచీ చురచుర చూస్తూనే ఉంది. ఆ చూపుకు బాలన్నకు చెమటలు పట్టాయి. అయినా మాంసం కుదిరింది, మంట లేచింది, అన్నం ఘుమఘుమలాడింది. కొడుకు నవ్వుతూ నోరు తెరిచాడు. జునైద్ దూరం నుంచి కళ్లతోనే బతిమాలాడు.

బాలన్న గుండె రాయి చేసుకుని విసిరాడు.

ముద్ద అతని గడ్డానికి తగిలి నేల మీద పడింది. బాలన్న ఏం చేస్తున్నాడో అతనికే తెలియలేదు. కౌంటర్ చుట్టూ పరుగెత్తి వెళ్లి, అతిథి కాళ్ల దగ్గర వంగి, ముద్ద తీసి రెండు కళ్లకూ అద్దుకున్నాడు. లేచి చూసేసరికి నవ్వులన్నీ ఆగిపోయాయి. 'అయిపోయింది, నా పని అయిపోయింది' అనుకున్నాడు. ఊళ్లో ఈ కబురు కోసమే కాచుక్కూర్చున్న భార్య జయకు ఏం చెప్పాలో తోచలేదు.

ముసలావిడ అరబ్బీలో అందుకుంది. బాలన్నకొచ్చిన అరబ్బీ సిమెంటు, నీళ్ల దగ్గరే ఆగిపోయింది. అప్పటికే జునైద్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమంటుంది భాయ్? నన్నే తిడుతుందా?"

"నిన్ను గాదు, కొడుకును! తిండితోని ఆటలేందని ఒచ్చినప్పటి సంది ఆమెకు మండుతుందట. వాళ్లింట్ల రొట్టె ముక్క కింద పడితే ముద్దు పెట్టుకొని, నొసటికి ఆనిచ్చి, ఎవ్వల కాలు తగలకుంట ఎత్తుల పెడ్తరట."

కొడుకు చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. ముసలావిడ తన పళ్లెం ముందుకు జరిపింది. బాలన్న కౌంటర్ వెనక్కి వెళ్లి అన్నం వడ్డించాడు. ఆవిడ తిని, మళ్లీ జరిపింది. ఈసారి ఇంకో గరిటె ఎక్కువే వేశాడు.

వాళ్లు వెళ్లాక జునైద్ వంటగదిలోకి వచ్చాడు. "సేఠ్‌తోని మాట్లాడిన, ముసలమ్మ అడిగి అడిగి తిన్నదని చెప్పిన. రేపే కఫాలా పని మొదలువెడ్తరు."

"మరి విసురుడు?"

"విసిరెటోళ్లు మస్తుమంది ఉన్నరు. నువ్వు వడ్డియ్యి."

బాలన్న గోడకు చేరగిలబడ్డాడు. నెల రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బండ దిగిపోయింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా రెండూ కానిచ్చాడు. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు.

"జయా, కొలువు నిలవడ్డది."

"ఇన్నవా?" అని మళ్లీ అడిగాడు కంగారుగా.

"ఇన్న," అంది జయ. "పొద్దటి సంది నోట్లె మెతుకు వెట్టలే. ఇగ తింట."

"ఫోన్ పెట్టకు. నువ్వు తినే దాంక ఉంట," అన్నాడు బాలన్న.

గిన్నె మూత తీసిన చప్పుడైంది.